‘థ్రాటిల్ సెన్సర్ పోయింది’ అంటే ఏం పోయినట్టు?

బండి ఒకే స్పీడులో వెళ్తూ వెళ్తూ ఒక్కసారి కుదుపు ఇస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ దానంతటదే రేజ్ అవుతుంది, లేదంటే ఆఫ్ అయిపోతుంది. మీటర్ బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే స్కానర్ పెట్టి నిమిషంలో తేల్చేస్తారు: ‘థ్రాటిల్ సెన్సర్ పోయిందండీ, మార్చాలి.’ మార్చాక కొన్ని బళ్ళు బాగవుతాయి. కొన్ని మాత్రం వారం తిరక్కుండా అదే కుదుపుతో మళ్ళీ అదే షెడ్డుకు వస్తాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మన బైకులూ స్కూటర్లూ దాదాపు అన్నీ కార్బొరేటర్ వదిలేసి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. అప్పటిదాకా ఎక్కువగా కార్ల వాళ్ళకే పరిమితమైన ఈ సెన్సర్ గొడవ బైకుల వాళ్ళకూ చుట్టుకుంది. 2025లో ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) మీద దేశమంతా చర్చ నడిచాక, బండి కుదిపినా మైలేజీ తగ్గినా తప్పు పెట్రోలుదే అనే మాట కూడా తోడైంది. సెన్సరా, వైరా, మసా, పెట్రోలా అని తేలాలంటే ముందు ఆ సెన్సర్ చేసే పని తెలియాలి. అది చాలా చిన్న పని. చిక్కంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే.

## తొక్కేది గాలి కోసం, పెట్రోల్ కోసం కాదు

పెట్రోల్ ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలో గుండ్రటి లోహపు బిళ్ళ ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని బటర్‌ఫ్లై అంటారు. ఆ బిళ్ళ, అది తిరిగే ఇరుసు, చుట్టూ ఉన్న గొట్టం కలిపితే థ్రాటిల్ బాడీ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మనం నేరుగా పెంచేది పెట్రోలును కాదు. బిళ్ళ తిరిగి గాలికి దారి ఇస్తుంది, అంతే. ఎంత గాలి వచ్చిందో చూసుకుని, దానికి తగిన పెట్రోల్ ఎంత కొట్టాలో ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, అంటే ఈసీయూ, నిర్ణయిస్తుంది.

బిళ్ళ ఏ కోణంలో ఉందో ఈసీయూకి చెప్పేది థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. షెడ్డు భాషలో టీపీఎస్. ఇరుసు చివర ఒక పక్కన, రెండు స్క్రూలతో బిగించిన నల్లటి ప్లాస్టిక్ ముక్క అది. కేబుల్ లాగితే బిళ్ళ తిరిగే పాత బళ్ళలో దాన్ని విడిగా ఊడదీసి మార్చొచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కొత్త బళ్ళలో అది థ్రాటిల్ బాడీ మూతలోనే కలిసిపోయి ఉంటుంది. సెన్సర్ ఒక్కటే కావాలంటే సాధారణంగా దొరకదు, మొత్తం బాడీ కొనాల్సిందే. ‘సెన్సర్ పోయింది’ అన్న మాట పాత బండిలో చిన్న ఖర్చు, కొత్త బండిలో వేల రూపాయల టెన్షన్ కావడానికి కారణం ఇదే.

## మూడు వైర్లు, అయిదు వోల్టులు

పాత రకం టీపీఎస్ లోపల కార్బన్ పూత పూసిన పట్టీ ఉంటుంది. దాని మీద సన్నటి లోహపు వేలు ఒకటి జారుతుంటుంది. పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పే బిరడా లోపల ఉండేది కూడా ఇదే అమరిక. ఏళ్ళ తరబడి తిప్పిన రేడియోలో వాల్యూమ్ ఒక చోటికి రాగానే గరగరమంటుంది గుర్తుందా? ఆ గరగరతో మనకు కాసేపట్లో పని పడుతుంది.

సెన్సర్ కప్లర్‌కు, అంటే వైర్లు తగిలించే ప్లగ్గుకు, మూడు వైర్లు వస్తాయి. ఒకటి ఈసీయూ పంపే 5 వోల్టుల సప్లై. రెండోది ఎర్త్. మూడోది సిగ్నల్. కాలు తీసేసి బిళ్ళ మూసుకున్నప్పుడు సిగ్నల్ వైరులో సుమారు 0.5 నుంచి 0.9 వోల్టుల దాకా ఉంటుంది. పూర్తిగా తొక్కితే 4 నుంచి 4.7 వరకు పెరుగుతుంది. ఖచ్చితమైన అంకెలు బండి మోడల్‌ని బట్టి మారతాయి.

మూసినప్పుడు సున్నా, తెరిచినప్పుడు సరిగ్గా 5 ఎందుకు పెట్టలేదంటే, ఆ రెండు అంచులనూ తప్పు పట్టుకోవడానికి కావాలనే ఖాళీగా వదిలారు. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ సున్నా వోల్టులు ఎప్పుడూ పంపదు, 5 కూడా పంపదు. అలాంటి అంకె కనిపించిందంటే అది బిళ్ళ చెప్పిన మాట కాదని, ఎక్కడో వైరో సెన్సరో తేడా చేసిందని ఈసీయూకి అర్థమవుతుంది.

## కాలు తీసేసినా 14 శాతమా?

ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చవక స్కానర్లు వచ్చాక చాలామంది సొంతంగా చూసుకుంటున్నారు. మంచిదే. కానీ మొదటి భయం ఇక్కడే మొదలవుతుంది. పెడల్ మీద కాలే లేదు, యాప్‌లో మాత్రం థ్రాటిల్ 14 శాతం అని ఉంటుంది. పూర్తిగా తొక్కితే 100 రాదు, 88 దగ్గర ఆగుతుంది. సెన్సర్ చెడిపోయిందని తీర్మానించేస్తారు.

లెక్క చూస్తే ఇందులో వింతేం లేదు. యాప్ చాలాసార్లు చూపించేది సిగ్నల్ వోల్టేజీ అయిదు వోల్టుల్లో ఎన్నో వంతు అన్నది మాత్రమే. మూసినప్పుడు 0.7 వోల్టులుంటే 0.7ను 5తో భాగించాలి, 14 శాతం. పూర్తిగా తెరిస్తే 4.4 అనుకుందాం, 88 శాతం. రెండూ సరైన అంకెలే. నిజంగా బిళ్ళ ఎంత తెరుచుకుందో కావాలంటే మూసినప్పటి 0.7ను తీసేసి, మిగిలినదాన్ని 3.7తో (4.4 లోంచి 0.7 తీస్తే వచ్చేది) భాగించాలి. సిగ్నల్ 2.55 వోల్టులు ఉంటే యాప్‌లో 51 శాతం కనిపిస్తుంది. 2.55 లోంచి 0.7 తీస్తే 1.85, దాన్ని 3.7తో భాగిస్తే 50 శాతం. మధ్యలో రెండు లెక్కలూ ఇంచుమించు ఒకటే, తేడా అంచుల దగ్గరే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొన్ని యాప్‌లలో ఈ రెండు లెక్కలూ వేర్వేరు పేర్లతో పక్కపక్కనే ఉంటాయి, అది ఇంకో గందరగోళం.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బళ్ళలో ఇంకో మెలిక ఉంది. అక్కడ ఐడిల్‌ను (కాలు పెట్టకపోయినా ఇంజిన్ తిరిగే కనీస వేగాన్ని) నిలబెట్టేది కూడా అదే బిళ్ళ. ఏసీ వేస్తే, రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే, ఈసీయూ దాన్ని తనంతట తానే కాస్త తెరుస్తుంది. కాలు పెట్టకుండానే అంకె అటూ ఇటూ కదిలితే అది మామూలే.

## ఒక తప్పుడు అంకె ఇన్ని రకాలుగా ఎలా బయటపడుతుంది

ఈసీయూ ఈ అంకెను పెట్రోల్ లెక్కకు మాత్రమే వాడుకోదు. బిళ్ళ మూసుకుందంటే బండి ఐడిల్‌లో ఉందనో, లేదా కాలు తీసేసి దొర్లుతోందనో అనుకుంటుంది. దొర్లుతున్నప్పుడు పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది. అంకె గబుక్కున పెరిగితే డ్రైవర్ పికప్ కోరుతున్నాడని అదనంగా కొడుతుంది. చాలా కార్లలో పూర్తిగా తొక్కినప్పుడు కాసేపు ఏసీ కంప్రెసర్‌ను కూడా కట్ చేస్తుంది. ఆటోమేటిక్ బళ్ళలో గేరు ఎప్పుడు మార్చాలన్నదీ కొంతవరకు దీన్నిబట్టే.

కాబట్టి అబద్ధం ఏ దిశలో ఉంటే లక్షణం ఆ దిశలో వస్తుంది. తక్కువ చూపిస్తే పికప్ ఉండదు. ఎక్కువ చూపిస్తే ఐడిల్ నిలకడగా ఉండదు, మైలేజీ పడిపోతుంది, మే నెల ఎండలో విజయవాడ ట్రాఫిక్‌లో ఏసీ మాటిమాటికీ కట్ అవ్వొచ్చు. అన్నిటికంటే మోసం చేసేది స్టార్టింగ్ సమస్య. ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసిపోయినప్పుడు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోల్ ఆగి, గాలి మాత్రమే లోపలికి వెళ్ళేలా చాలా ఈసీయూలలో ఒక ఏర్పాటు ఉంటుంది. సెన్సర్ తప్పుగా 4.3 వోల్టులు చూపిస్తోందనుకోండి. అది ఈసీయూ తప్పు పట్టి కోడ్ (స్కానర్‌లో కనిపించే తప్పు గుర్తు) రాసేంత ఎక్కువ కాదు. కానీ డ్రైవర్ పూర్తిగా తొక్కాడని నమ్మి ఈసీయూ పెట్రోల్ కొట్టే ఇంజెక్టర్లను ఆపేస్తుంది. సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు, కోడ్ కూడా ఉండదు. పెట్రోల్ పంపు మార్చినా ఫలితం ఉండదు.

బైకుల్లో ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. కారులో గాలి ఎంత వచ్చిందో కొలవడానికి వేరే సెన్సర్ ఉంటుంది కాబట్టి టీపీఎస్ పోయినా ఈసీయూ ఏదోలా నెట్టుకొస్తుంది. చాలా సింగిల్ సిలిండర్ బైకుల్లో మాత్రం, ముఖ్యంగా ఎక్కువ థ్రాటిల్‌లో, బిళ్ళ కోణాన్నీ ఇంజిన్ వేగాన్నీ కలిపి గాలి ఎంతో లెక్కగడతారు. ఒక అంకె తప్పితే లెక్కంతా తప్పినట్టే.

డీజిల్ బండి సంగతి వేరు. డీజిల్ ఇంజిన్ శక్తిని నడిపేది గాలి బిళ్ళ కాదు, కొట్టే డీజిల్ మోతాదు. కొత్త డీజిల్ కార్లలో బిళ్ళ ఉన్నా అది పొగ తగ్గించే వ్యవస్థకూ, ఇంజిన్ కుదుపు లేకుండా ఆగడానికీ పనికొస్తుంది. డీజిల్ కారులో ‘రేజ్ అందుకోవట్లేదు, టీపీఎస్ అంటున్నారు’ అంటే చాలాసార్లు వాళ్ళ ఉద్దేశం పెడల్ దగ్గరి సెన్సర్ అయ్యుంటుంది.

## కోడ్ పేరు పెట్టేది సర్క్యూట్‌కు

స్కానర్‌లో వచ్చే కోడ్‌లలో ఈ సెన్సర్‌కు సంబంధించినవి పి0120 నుంచి పి0124 దాకా ఉంటాయి. పి0122 అంటే సిగ్నల్ ఉండాల్సినదానికంటే తక్కువ. పి0123 అంటే ఎక్కువ. పి0124 అంటే వచ్చీ పోతూ ఉంది. పి0121 అంటే అంకె హద్దులోనే ఉంది గానీ మిగతా సెన్సర్లు చెప్పేదానికి పొంతన లేదు.

ఈ కోడ్‌లలో ఏదీ సెన్సర్ చెడిపోయిందని చెప్పదు. సర్క్యూట్‌లో సిగ్నల్ ఎలా ఉందో చెబుతుంది, అంతే. స్కానర్ తెర మీద మాత్రం థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ అన్న పేరు పెద్దగా కనబడుతుంది. మిగతాది చదివే ఓపిక ఎవరికుంది?

పి0122 వచ్చిందనుకుందాం, సిగ్నల్ సున్నా. ఆ సున్నా ఎన్ని దారుల్లో రావొచ్చో చూడండి. 5 వోల్టుల సప్లై వైరు తెగితే పట్టీకి ఎర్త్ ఒక్కటే మిగులుతుంది, సిగ్నల్ సున్నా. సిగ్నల్ వైరు ఒరుసుకుపోయి ఇంజిన్ బాడీకి తగిలినా సున్నా. సిగ్నల్ వైరు మధ్యలో తెగితే ఏ అంకె కనిపించాలో ఈసీయూ లోపలి అమరికను బట్టి ఉంటుంది, చాలావాటిలో అదీ సున్నాయే. చివరగా సెన్సర్ లోపల వేలు విరిగినా సున్నా. నాలుగు దారుల్లో సెన్సర్ ఒక్కటి.

పి0123 ఇంకా తమాషా. ఎర్త్ వైరు తెగితే పట్టీకి 5 వోల్టుల వైపు మాత్రమే మిగులుతుంది. సిగ్నల్ 5కు ఎగబాకుతుంది. సెన్సర్ ఎక్కువ చూపిస్తోందని కొత్తది వేస్తారు. ఎర్త్ లేకపోతే కొత్తది కూడా 5 వోల్టులే చూపిస్తుంది.

మన దగ్గర వైరు తెగడానికి కారణాలకు కొదవ లేదు. వారం రోజులు కదలకుండా పెట్టిన కారు బానెట్ కింద ఎలుకలు చేరి వైరింగ్ కొరకడం ప్రతి షెడ్డులోనూ చూసే ఫిర్యాదు. వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్‌తో నీళ్ళు కొడితే కప్లర్‌లోకి తడి పోతుంది. సర్వీసింగ్ మర్నాడే ఇంజిన్ లైటు వెలిగిందంటే మొదట అనుమానించాల్సింది అదే. తడి ఎండాక కొన్నాళ్ళకు కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము కడుతుంది. అది వైరును తెంపదు, కరెంటుకు అడ్డం పడుతుంది. ఆ సగం తప్పు పూర్తి తప్పు కంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది.

ఎర్త్ పిన్నుకు చిలుము పట్టి అక్కడ సున్నాకు బదులు 0.4 వోల్టులు నిలిచాయనుకుందాం. ఈ బండిలో మూసినప్పుడు 0.6, పూర్తిగా తెరిస్తే 4.5 ఉండాలి. అంటే మూసినప్పుడు వేలు పట్టీలో 12 శాతం దగ్గర, తెరిచినప్పుడు 90 శాతం దగ్గర ఉంటుంది. ఇప్పుడు పట్టీకి రెండు కొసల మధ్య మిగిలింది 4.6 వోల్టులే. మూసినప్పుడు 0.4కు 4.6లో 12 శాతం కలపాలి, సుమారు 0.95. తెరిచినప్పుడు 0.4కు 4.6లో 90 శాతం కలిపితే 4.54. పై కొస దాదాపు కదల్లేదు, కింది కొస మాత్రం 0.35 వోల్టులు పైకి జరిగింది. ఈసీయూ దృష్టిలో కాలు ఎప్పుడూ పెడల్ మీదే ఉన్నట్టు. ఐడిల్ దిగదు, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ హోరు తగ్గదు. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం ఏ లోపమూ కనిపించదు. కోడ్ కూడా రాకపోవచ్చు, ఎందుకంటే 0.95 హద్దులోనే ఉంది. ఇలాంటి బళ్ళలో సెన్సర్ మార్చేవాళ్ళూ ఉంటారు, ఐడిల్ స్క్రూ తిప్పేవాళ్ళూ ఉంటారు. ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు మీటర్ పెట్టి చూసేవాళ్ళు తక్కువ. ఆరోగ్యంగా ఉన్న ఎర్త్‌లో అక్కడ 0.1 వోల్టు కూడా ఉండకూడదు.

ఆ 5 వోల్టుల సప్లై టీపీఎస్ ఒక్కదానిది కాదన్నది కూడా మర్చిపోతుంటారు. చాలా బళ్ళలో అదే లైను మ్యాప్ సెన్సర్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం, అంటే మానిఫోల్డ్, లోపలి ఒత్తిడిని కొలిచేది), ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్‌కు కూడా వెళ్తుంది. వాటిలో ఏది లోపల షార్ట్ అయినా సప్లై మొత్తం కుంగిపోతుంది. స్కానర్‌లో ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు వస్తే, అన్నీ ఒకేసారి చెడిపోయి ఉండవు కదా.

అనుభవమున్న మెకానిక్ కేబుల్ థ్రాటిల్ బండిలో వైరుకూ సెన్సర్‌కూ మధ్య గీత గీసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పి0122 ఉన్న బండిలో కప్లర్ ఊడదీస్తాడు. అందులో 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ ఉందా అని మీటర్‌తో చూస్తాడు. తర్వాత కప్లర్‌లోనే సప్లై పిన్నునూ సిగ్నల్ పిన్నునూ చిన్న ఫ్యూజు వైరుతో కలుపుతాడు. స్కానర్‌లో అంకె సున్నా నుంచి 5కు ఎగిరితే వైర్లూ ఈసీయూ బాగున్నట్టు, తప్పు సెన్సర్‌ది. సున్నాలోనే ఉండిపోతే కొత్త సెన్సర్ కొని లాభం లేదు.

## కుదుపు ఒక్క స్పీడులోనే ఎందుకు

ఇప్పుడు రేడియో గరగర దగ్గరికి వద్దాం. పదేళ్ళ పాత పెట్రోల్ కారు ఒకటి అనుకుందాం. రోజూ హైవే మీద 60, 70 వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో బిళ్ళ పెద్దగా తెరుచుకోదు, 15–20 శాతం దగ్గరే గంటల తరబడి సన్నగా అదురుతూ ఉంటుంది. సెన్సర్‌లోని వేలు పట్టీ మీద అదే చోట రుద్దుకుంటూ ఉంటుంది. ఏళ్ళు గడిచాక అక్కడ కార్బన్ పూత లేచిపోతుంది. మిగతా పట్టీ కొత్తదిలాగే ఉంటుంది.

ఈ కారులో మూసినప్పుడు 0.6, పూర్తిగా 4.5. పెడల్ నెమ్మదిగా తొక్కితే 0.6, 0.8, 1.0, 1.2 అని పెరుగుతూ వచ్చి, 1.25 దగ్గర ఒక్కసారి 0.2కు పడి, వెంటనే 1.3కు లేస్తుంది. 1.25 అంటే బిళ్ళ 17 శాతం తెరుచుకున్న చోటు, సరిగ్గా హైవే వేగం. ఆ పడిపోయిన క్షణంలో ఈసీయూ కాలు తీసేశారనుకుని పెట్రోల్ ఆపేస్తుంది. మరుక్షణం అంకె లేవగానే గట్టిగా తొక్కారనుకుని అదనంగా కొడుతుంది. సీట్లో కూర్చున్నవాళ్ళకు అది ఒక కుదుపు. ఇంకాస్త తొక్కితే పోతుంది, కాస్త వదిలినా పోతుంది. ‘స్పీడు పెంచితే బాగుంటుంది, అదే స్పీడులో ఉంటేనే ఎగురుతుంది’ అని కస్టమర్ చెప్పే మాటలో అసలు ఆధారం దాగి ఉంటుంది.

దీన్ని మామూలు డిజిటల్ మల్టీమీటర్‌తో పట్టుకోవడం కష్టం. దాని తెర మీద అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది. పడి లేవడం అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా జరిగిపోతుంది. మీటర్‌లో అంకెలు చక్కగా పెరుగుతాయి, ‘సెన్సర్ బాగానే ఉంది’ అంటారు. చవక స్కానర్ పరిస్థితీ అంతే. ఈసీయూ మాత్రం కొన్ని మిల్లీసెకన్లకోసారి చదువుతుంటుంది కాబట్టి అది చూస్తుంది, మనం చూడం. పాతకాలపు ముల్లు మీటర్ ఇక్కడ డిజిటల్ కంటే మేలు, ముల్లు సన్నగా వణుకుతుంది. వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్ ఉంటే ఇక వాదనే లేదు, ఏటవాలుగా ఎక్కే గీతలో సూదిలా కిందికి దిగిన గాటు కనిపిస్తుంది. మన షెడ్డుల్లో అది ఇంకా అరుదే.

కొత్త బళ్ళలో చాలావాటికి ఈ అరుగుదల లేదు. వాటిలో అయస్కాంతం తిరుగుతుంటే దాన్ని తాకకుండానే కోణం కనిపెట్టే సెన్సర్లు వాడుతున్నారు. పట్టీ లేదు, రుద్దుకునే వేలు లేదు. మీటర్‌తో ఓమ్స్‌లో (విద్యుత్ నిరోధం) కొలిస్తే అర్థం లేని అంకె వస్తుంది, దాన్ని చూసి చెడిపోయిందని తేల్చకూడదు. వోల్టేజీ పరీక్ష మాత్రం వాటిలో చాలావాటికి పనికొస్తుంది. కప్లర్ తడి, చిలుము, ఎలుకలు మాత్రం కొత్తా పాతా తేడా చూడవు.

## పెడల్‌కూ బిళ్ళకూ మధ్య కేబుల్ లేనప్పుడు

ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో పెడల్ తొక్కితే కదిలే కేబుల్ లేదు. పెడల్ దగ్గరి సెన్సర్ చెప్పింది విని ఈసీయూ ఒక మోటార్‌తో బిళ్ళను తిప్పుతుంది. ఒక్క సెన్సర్ అబద్ధం చెబితే బండి తనంతట తానే పరిగెత్తే ప్రమాదం ఉంది కనుక రెండు చోట్లా రెండేసి సెన్సర్లు పెట్టారు. అవి ఒకే అంకె చూపించవు, కావాలనే వేర్వేరుగా పెడతారు. ఒక పద్ధతిలో ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5. ఒకటి 1.2 అయితే రెండోది 3.8. రెండోది 3.3 చూపిస్తే మొత్తం 4.5, పొంతన లేదు. అప్పుడు వచ్చే కోడ్ పి2135. పెడల్ దగ్గర ఎక్కువగా కనిపించే పద్ధతిలో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉంటుంది, 1.5కు 0.75 అన్నట్టు. అక్కడ పొంతన తప్పితే పి2138. ఇది తెలియక రెండు సెన్సర్లూ వేర్వేరు అంకెలు చూపిస్తున్నాయని బాగున్న పెడల్‌ను మార్చేసినవాళ్ళున్నారు.

పొంతన కుదరకపోతే చాలా బళ్ళలో ఈసీయూ మోటార్‌కు కరెంటు ఆపేస్తుంది. స్ప్రింగు బిళ్ళను కాస్త తెరిచిన స్థితిలో నిలబెడుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి పాకుతూనే వెళ్తుంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. రోడ్డు మధ్యలో భయం వేస్తుంది గానీ, అది వ్యవస్థ తన పని తాను సరిగ్గా చేసినట్టు లెక్క.

రెండేసి సెన్సర్ల కాపలా సరిపోతుందా అన్న వాదన అమెరికాలో పెద్దదే నడిచింది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో టొయోటాకు చెందిన ఒక లెక్సస్ కారు ఆగకుండా దూసుకెళ్ళి నలుగురు చనిపోయారు. తర్వాత టొయోటా లక్షల కార్లను వెనక్కి పిలిచింది. ఎలక్ట్రానిక్ థ్రాటిలే కారణమా అని తేల్చమని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ నాసాను అడిగింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఫలితం ప్రకారం కార్లు అలా దూసుకెళ్ళేంతగా థ్రాటిల్‌ను తెరిచే ఎలక్ట్రానిక్ లోపం దొరకలేదు. పెడల్‌కు అడ్డుపడే ఫ్లోర్ మ్యాట్లు, బిగుసుకుపోయే పెడళ్ళు దోషులన్నారు. అయితే అదే పరిశోధనలో కొన్ని పెడల్ సెన్సర్లలో తగరపు పూత నుంచి వెంట్రుకకంటే సన్నటి లోహపు మొలకలు పుట్టి రెండు సిగ్నళ్ళను కలిపేయగలవని కూడా బయటపడింది. దొరకలేదు అంటే జరగదని కాదని నాసా నివేదికే ఒప్పుకుంది. 2013 అక్టోబరులో ఓక్లహామా జ్యూరీ ఒక టొయోటా కామ్రీ కారు ప్రమాదం కేసులో, ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయన్న నిపుణుడి సాక్ష్యం విన్నాక, టొయోటాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. రెండు వైపులా ఆధారాలున్న వాదన ఇది. మన షెడ్డు సమస్యకు అందులో ఉన్న సంబంధం ఒక్కటే: రెండు సిగ్నళ్ళు ఒకదానికొకటి తగిలినప్పుడు విడివిడిగా చూస్తే రెండూ హద్దులోనే కనిపిస్తాయి.

## అవే లక్షణాలు, వేరే దోషులు

ఐడిల్ నిలకడ లేకపోవడం, కుదుపు, పికప్ తగ్గడం టీపీఎస్ సొంత ఆస్తులేం కావు. బిళ్ళ అంచుకు నల్లటి మసి పేరుకుంటే మూసుకున్నప్పుడు వెళ్ళాల్సిన గాలి వెళ్ళదు, సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ అవుతుంది. బిళ్ళ తర్వాత ఎక్కడైనా గొట్టం చీలితే లెక్కలోకి రాని గాలి చేరి ఐడిల్ పెరుగుతుంది. పెట్రోల్ పంపు బలహీనపడితే ఎక్కేటప్పుడు అందుకోదు. ఇగ్నిషన్ కాయిల్ పోతే కుదుపు.

పి0121 వచ్చినప్పుడు ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. అది పోలికతో పుట్టే కోడ్. ఉదాహరణకు ఐడిల్‌లో మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి 30–40 కిలోపాస్కల్స్ ఉండాలి. పూర్తిగా తొక్కితే బయటి గాలి ఒత్తిడికి దగ్గరవ్వాలి, విశాఖలో సుమారు 100, ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 95. బిళ్ళ మూసుకుందని టీపీఎస్ అంటుంటే లోపల 80 ఉందని మ్యాప్ సెన్సర్ అంటోందనుకోండి. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు, లేదంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారు, గాలి మాత్రం చీలిన గొట్టంలోంచి వస్తోంది.

ఈ20 సంగతీ ఇక్కడే చూద్దాం. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం నిజమే. నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై ఈ10కు సరిచేసిన కార్లలో 6–7 శాతం, అలాంటి బైకుల్లో 3–4 శాతం. ఈ10 కోసం తయారై ఈ20కు సరిచేసిన కార్లలో 1–2 శాతం. అంతకంటే ఎక్కువే తగ్గిందని వాహనదారులు అంటున్నారు, అది అతిశయోక్తి అని ప్రభుత్వం అంటోంది. పాత బళ్ళలో రబ్బరు భాగాల మీద ప్రభావం ఉంటుందన్న భయమూ ఊరికే పుట్టింది కాదు. కానీ పెట్రోల్ ప్రభావం పెడల్ ఒకే కోణానికి వచ్చినప్పుడు మాత్రమే కనిపించదు, సెన్సర్ వోల్టేజీని మార్చదు, పి0122 రాయదు. ఆ కోడ్ ఉన్న బండికి పెట్రోల్ బంకు మార్చి లాభం లేదు.

## మార్చి చూడటమా, కొలిచి చూడటమా

మెకానిక్‌లు కొలవకుండా మారుస్తారని తిట్టడం తేలిక. వాళ్ళ వైపు వాదన కూడా ఉంది. కొలవడానికి గంట పడుతుంది, ఆ గంటకు డబ్బులిచ్చే కస్టమర్ అరుదు. చెకింగ్ చార్జీ అంటే మనకు మనసొప్పదు, పార్టు అంటే ఎంతైనా ఇస్తాం. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అదే మోడల్ బండి నుంచి బాగున్న సెన్సర్ తీసి పది నిమిషాలు వేసి చూడొచ్చు. అది కూడా ఒక పరీక్షే, పైగా నమ్మదగిన పరీక్ష, వేసిన పార్టు నిజంగా బాగున్నదైతే. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మొత్తం థ్రాటిల్ బాడీ మార్చమనడానికీ కారణముంది. విడి సెన్సర్ వాళ్ళకు సప్లై ఉండదు, చేసిన పనికి వారంటీ ఇవ్వాలి.

కొలిచే పక్షం వాదన పూర్తిగా డబ్బుదే. ఎర్త్ చిలుము వల్ల వచ్చిన పి0123కు థ్రాటిల్ బాడీ మార్చితే వేల రూపాయలు పోతాయి, కోడ్ పోదు. నా మొగ్గు ఈ పక్షం వైపే, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బళ్ళలో. కేబుల్ బండిలో రెండు స్క్రూల సెన్సర్ అయితే మార్చి చూడటం కూడా తప్పేం కాదు.

మూడో దారి క్లీనింగ్. మసి సమస్యకు అది నిజంగా మందు, అరిగిన పట్టీకి కాదు. క్లీన్ చేశాక కొన్ని రోజులు బాగుండి మళ్ళీ మొదలైందంటే, కప్లర్ ఊడదీసి పెట్టినప్పుడు పిన్నులు ఒకసారి రాసుకుని కరెంటు అందిందేమో కూడా చూడాలి. క్లీనింగ్ తర్వాత ఇంకో చిక్కు ఎదురవుతుంది. మసి ఉన్నన్నాళ్ళూ ఈసీయూ ఆ అడ్డానికి అలవాటుపడి బిళ్ళను కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది. మసి పోయాక కూడా అంతే తెరుస్తుంది. ఐడిల్ ఎక్కువైపోతుంది, కొన్ని బళ్ళలో పి0507 అనే కోడ్ కూడా వస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా, థ్రాటిల్ బాడీ మార్చినా ఇదే కథ నడవొచ్చు. ‘క్లీన్ చేయించాక ఇంకా చెడగొట్టారు’ అన్న గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. స్కానర్‌తో గానీ, ఆ మోడల్‌కు చెప్పిన పద్ధతిలో ఇగ్నిషన్ ఆన్, ఆఫ్ చేసి గానీ మూసిన స్థానాన్ని మళ్ళీ నేర్పిస్తే ఐడిల్ దిగుతుంది. కొన్ని బళ్ళు రెండు మూడు రోజులు తిరిగితే వాటంతటవే నేర్చుకుంటాయి.